నల్లని చుక్క చుట్టూ: కాంతి సుడులపై పాఠకుల ప్రశ్నలకు జవాబులు

గత సంచికలో, మధ్యన నల్లని చుక్కతో ఉంగరంలా కనిపించే లేజర్ పుంజం చిత్రాన్ని ప్రచురించి, దాని కింద "ఈ పుంజం మధ్యలో దశా సింగ్యులారిటీ ఉంది" అని ఒక్క వాక్యం మాత్రమే రాశాం. ఆ వాక్యం చాలలేదని వచ్చిన ఉత్తరాలు చెబుతున్నాయి. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: లేజర్ పుంజం మధ్యలో చిన్న నల్లని బిళ్ల అడ్డం పెట్టినా నడుమ చీకటి, చుట్టూ వెలుగు వస్తాయి కదా. మీరు ప్రచురించిన చిత్రంలోని చుక్కకు ప్రత్యేకత ఏమిటి?

జవాబు: ఈ రెండు చీకట్లూ ఒకటి కావని తెలుసుకోవడానికి తెరను వెనక్కి జరుపుతూ పోతే చాలు. బిళ్ల అడ్డం పెట్టిన పుంజంలో, తెర కొంత దూరం జరిగాక నీడకు సరిగ్గా నడుమ ఒక వెలుగు చుక్క కనిపిస్తుంది. బిళ్ల అంచు చుట్టూ వంగి వచ్చిన తరంగాలన్నీ సమాన దూరం ప్రయాణించి ఆ చోట ఒకే దశలో కలవడమే దీనికి కారణం. 1818లో ఫ్రెంచి శాస్త్రవేత్త ఫ్రెనెల్ సమర్పించిన వివర్తన సిద్ధాంతం (అంచుల దగ్గర కాంతి వంగడాన్ని వివరించేది) నిజమైతే నీడ మధ్యలో వెలుగు రావాలి, అది అసంభవం కనుక సిద్ధాంతమే తప్పు అని ప్వాసాన్ వాదించినప్పుడు, అరాగో ప్రయోగం చేసి ఆ వెలుగును చూపించాడు. చిత్రంలోని పుంజంలో మాత్రం అలా జరగదు. తెరను ఎంత దూరం జరిపినా ఉంగరం పెద్దదవుతుందే గాని నడిమి చీకటి పూడుకుపోదు. అక్కడ కాంతిని ఎవరూ అడ్డుకోలేదు. చుట్టూ ఉన్న తరంగపు అమరికే అక్కడ వెలుగు ఉండనివ్వదు.

ఆ అమరిక ఏమిటో చెప్పాలంటే దశ అనే మాట దగ్గర ఆగాలి. ఒక క్షణంలో ఒక చోట తరంగం శిఖరంలో ఉందా, లోయలో ఉందా, ఆ రెండింటి మధ్య ఎక్కడ ఉంది అన్నది చెప్పే కోణాన్ని దశ అంటాం. మామూలు లేజర్ పుంజాన్ని అడ్డంగా కోసి చూస్తే ఆ కోతలో అన్ని చోట్లా దశ ఇంచుమించు ఒక్కటే. చిత్రంలో ఉన్నటువంటి, సుడి ఉన్న పుంజంలో, మధ్యబిందువు చుట్టూ ఒక వలయం గీసి దాని వెంట నడిస్తే దశ క్రమంగా పెరుగుతూ పోయి, బయలుదేరిన చోటికి చేరేసరికి సరిగ్గా 360 డిగ్రీలు పూర్తి చేస్తుంది. 360 డిగ్రీలు అంటే మళ్లీ సున్నాయే కనుక తరంగం ఎక్కడా తెగదు. ఇప్పుడు ఆ వలయాన్ని చిన్నది చేసుకుంటూ మధ్యకు రండి. వలయం ఎంత చిన్నదైనా అన్ని దశలూ దాని మీద ఉండాల్సిందే. చివరకు ఒకే బిందువు మిగిలినప్పుడు అక్కడ దశ ఎంత అన్న ప్రశ్నకు జవాబు ఉండదు. జవాబు లేని చోట తరంగం ఉండగలిగే మార్గం ఒక్కటే, దాని కంపన పరిమితి సున్నా కావడం. అందువల్లే ఆ చుక్క నల్లగా ఉంటుంది. దశ ఎంతో చెప్పలేని ఈ బిందువే దశా సింగ్యులారిటీ. దాని చుట్టూ దశ ఇలా తిరుగుతుంది కనుక దాన్నే సుడి అంటాం.

భూమి ఉత్తర ధ్రువం దగ్గరా ఇలాంటి పరిస్థితే ఉంది. కాలమండలాలన్నీ అక్కడ కలుస్తాయి గనుక ధ్రువం చుట్టూ నాలుగడుగులు వేస్తే 24 గంటలూ దాటి వస్తాం, సరిగ్గా ధ్రువం మీద మాత్రం సూర్యుడిని బట్టి గంట చెప్పలేం. సముద్రంలో దీనికి ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. ఆంగ్ల శాస్త్రవేత్త విలియం హ్యూయెల్ పోటు వేళలను పటంలో గుర్తిస్తూ, ఉత్తర సముద్రంలో ఒక బిందువు చుట్టూ పోటు గుండ్రంగా తిరుగుతోందని, ఆ బిందువు దగ్గర నీటిమట్టం పెరగడం, తగ్గడం ఉండవని 1836లో చెప్పాడు. 1840లో కెప్టెన్ హ్యూయెట్ ఓడ మీద నుంచి లోతులు కొలిచి అది నిజమేనని నిర్ధారించాడు. అలలకూ కాంతికీ ఒకే గణితం వర్తిస్తుందనడానికి దీనికంటే మంచి సాక్ష్యం నాకు తెలియదు.

వలయం వెంట ఒకసారి తిరిగినప్పుడు దశ ఎన్ని పూర్తి చుట్లు తిరిగిందో ఆ సంఖ్యను టోపాలజికల్ చార్జ్ అంటారు. నేను దాన్ని చుట్ల సంఖ్య అంటాను. తరంగం తన మీద తానే అతుక్కోవాలి కాబట్టి అది 1, 2, 3 వంటి పూర్ణాంకమే అవుతుంది. తిరిగే దిశ మారితే గుర్తు రుణం అవుతుంది. పూర్ణాంకం కొంచెం కొంచెంగా మారలేదు. పుంజాన్ని కాస్త వంచినా, కలత పెట్టినా సుడి స్థానం జరుగుతుంది, ఆకారం వంకర పోతుంది, అయినా చుట్ల సంఖ్య అలాగే ఉంటుంది. ఒక సుడి అంతరించాలంటే దానికి వ్యతిరేక గుర్తు గల మరో సుడి ఎదురై రెండూ కలిసిపోవాలి.

ప్రశ్న: ఇది ప్రయోగశాలలో పనిగట్టుకుని తయారుచేసే అరుదైన వస్తువా, లేక సహజంగానూ ఉంటుందా?

జవాబు: మూడు సమతల తరంగాలు (శిఖరాలు చదునైన తలాలుగా సాగేవి) వేర్వేరు దిశల నుంచి వచ్చి కలిసినా సుడులు పుడతాయి. గరుకు గోడ మీద లేజర్ వెలుగు పడితే కనిపించే చిన్న చిన్న మచ్చల అల్లికలో సగటున ఇంచుమించు ఒక్కో వెలుగు మచ్చకు ఒక సుడి చొప్పున ఉంటుంది. ఇందులో సగం సవ్యదిశలో, సగం అపసవ్యదిశలో తిరుగుతాయి.

ఎందుకింత విరివిగా ఉంటాయో లెక్కతో చెప్పవచ్చు. ఒక చోట కాంతి పూర్తిగా సున్నా కావాలంటే తరంగాన్ని సూచించే సంకీర్ణ సంఖ్యలో వాస్తవ భాగం, కాల్పనిక భాగం రెండూ సున్నా కావాలి. అంటే షరతులు రెండు. తెర మీద మనకున్న స్వేచ్ఛ కూడా రెండే, నిలువూ అడ్డమూ. ఒక్కో షరతు తెర మీద ఒక గీతను గీస్తుంది. ఆ రెండు గీతలు ఖండించుకునే బిందువులే సుడులు. గీతలు కాస్త కదిలినా ఖండన బిందువు పక్కకు జరుగుతుందే గాని పోదు. మూడు కొలతల అంతరాళంలో ఇదే లెక్క బిందువులకు బదులు గీతలను ఇస్తుంది. చీకటి పోగులు పుంజం పొడవునా సాగుతాయి, కొన్నిచోట్ల వలయాలుగా మూసుకుంటాయి. తగిన పుంజాలను కలిపి ఈ పోగులను ముడులు వేసి 2004లో గ్లాస్గోలో చూపించారు.

ఈ ఆలోచనకు ఆరంభం కాంతిలో జరగలేదు. బ్రిస్టల్ విశ్వవిద్యాలయంలో మంచు నదులను అధ్యయనం చేసిన జాన్ నై, అంటార్కిటికా మంచు మందాన్ని రేడియో ప్రతిధ్వనులతో కొలిచే పనిలో తరంగాగ్రాల మధ్య వింత లోపాలు ఎదురవడంతో, మైఖేల్ బెర్రీతో కలిసి 1974లో ఒక వ్యాసం ప్రచురించారు. స్ఫటికంలో అణువుల వరుస తప్పినప్పుడు ఏర్పడే లోపాల వంటివే తరంగాల వరుసల్లోనూ తప్పనిసరిగా ఏర్పడతాయని అందులో నిరూపించారు. ఈ రంగమంతా ఆ వ్యాసం మీద నిలబడి ఉందని నా అభిప్రాయం.

ప్రశ్న: నేను డిగ్రీలో భౌతికశాస్త్రం చదువుతున్నాను. ఇలాంటి పుంజాన్ని ఎలా తయారుచేస్తారు? ఫోటో చూసి సుడి ఎటు తిరుగుతోందో చెప్పవచ్చా?

జవాబు: సూటి పద్ధతి స్పైరల్ ఫేజ్ ప్లేట్. ఇది పలుచని పారదర్శక బిళ్ల. దాని మందం కోణంతో పాటు సమంగా పెరుగుతూ పోయి, చుట్టు పూర్తయ్యే చోట ఒక్కసారిగా మొదటి మందానికి దిగిపోతుంది. ఒక చుట్టు సుడి కావాలంటే ఆ మెట్టు ఎత్తు, తరంగదైర్ఘ్యాన్ని వక్రీభవన గుణకం నుంచి ఒకటి తీసివేసిన విలువతో భాగిస్తే వచ్చినంత ఉండాలి. హీలియం-నియాన్ లేజర్ ఎర్ర కాంతికి 632.8 నానోమీటర్లు, గాజు వక్రీభవన గుణకం 1.5 అనుకుంటే మెట్టు సుమారు 1266 నానోమీటర్లు, అంటే వెంట్రుక మందం కంటే ఎన్నో రెట్లు తక్కువ. రెండో పద్ధతిలో మధ్యలో ఒక గీత రెండుగా చీలిన గ్రేటింగ్‌ను (దగ్గర దగ్గరగా గీతలున్న పలకను) కంప్యూటర్‌తో గీసి, దాని గుండా మామూలు లేజర్‌ను పంపుతారు; ఒక పక్కకు వంగిన పుంజంలో ధన సుడి, మరో పక్కకు వంగిన దానిలో రుణ సుడి ఏర్పడతాయి, నేరుగా వెళ్లిన దానిలో ఏమీ ఉండదు. కీవ్‌లో బజెనోవ్, వాస్నెత్సోవ్, సోస్కిన్ 1990లో ఈ పద్ధతిని చూపించారు.

మీ రెండో ప్రశ్నకు జవాబు, చెప్పలేం. కెమెరా నమోదు చేసేది తీవ్రతను మాత్రమే. ధన సుడికీ రుణ సుడికీ ఉంగరం అచ్చంగా ఒకేలా ఉంటుంది. దశను చూడాలంటే మరో తరంగంతో వ్యతికరణం చేయించాలి. కాస్త ఏటవాలుగా వచ్చే సమతల తరంగాన్ని కలిపితే తిన్నని చారలు వచ్చి, సరిగ్గా సుడి దగ్గర ఒక చార పంగలా చీలుతుంది. పంగ పైకి ఉందా కిందికి ఉందా అన్నదాన్ని బట్టి దిశ, అదనంగా పుట్టిన చారల సంఖ్యను బట్టి చుట్ల సంఖ్య తెలుస్తాయి. ఉంగరం పరిమాణం చూసి "ఇది మూడు చుట్ల సుడి" అనడం నాకు నమ్మకం కలిగించదు. ఎక్కడినుంచో పరావర్తనమై వచ్చిన కొద్దిపాటి కాంతి తోడైతే చాలు, మూడు చుట్ల సుడి కాస్తా దగ్గర దగ్గరగా ఉన్న మూడు ఒంటి సుడులుగా విడిపోతుంది. మొత్తం మూడే, కానీ మధ్యలో ఉన్నది ఒక్క చుక్క కాదు. ప్రయోగశాలలో మొదటిసారి చారలను చూసేటప్పుడు ఈ విడిపోవడం కోసం తప్పక వెతకండి.

ప్రశ్న: ధ్రువణ సింగ్యులారిటీ అంటే ఏమిటి? అదీ చీకటి బిందువేనా?

జవాబు: చాలా ఉత్తరాల్లో ఈ అపోహ కనిపించింది కనుక కొంచెం విపులంగా చెబుతాను. ధ్రువణ సింగ్యులారిటీల్లో ఎక్కువ భాగం వెలుగులోనే ఉంటాయి. కాంతి తరంగంలో విద్యుత్ క్షేత్రం కొన సాధారణంగా ఒక దీర్ఘవృత్తాన్ని గీస్తూ తిరుగుతుంది. ఆ దీర్ఘవృత్తానికి రెండు ముఖ్య లక్షణాలు ఉన్నాయి. దాని పొడవైన అక్షం ఏ వైపు వాలి ఉంది అన్నది ఒకటి, క్షేత్రం కొన సవ్యంగా తిరుగుతోందా అపసవ్యంగానా అన్నది మరొకటి. రూపు దిద్దిన పుంజంలో ఈ దీర్ఘవృత్తం చోటును బట్టి మారుతూ ఉంటుంది. ఎక్కడైనా అది పూర్తి వృత్తమైతే పొడవైన అక్షం అంటూ ఉండదు గనుక వాలు చెప్పలేం. ఆ చోటు సీ-బిందువు. ఎక్కడైనా అది నలిగి సరళరేఖగా మారితే తిరిగే దిశ చెప్పలేం. అలాంటి చోట్లన్నీ కలిసి ఎల్-రేఖ అవుతాయి. సవ్య ప్రాంతానికీ అపసవ్య ప్రాంతానికీ మధ్య సరిహద్దు ఈ ఎల్-రేఖే. సీ-బిందువు దగ్గరా ఎల్-రేఖ మీదా కాంతి ఎంతైనా ఉండవచ్చు, లేనిది ఒక లక్షణం మాత్రమే.

సీ-బిందువు చుట్టూ నడిస్తే అక్షం 360 డిగ్రీలు కాక 180 డిగ్రీలు మాత్రమే తిరిగి తన స్థానానికి వస్తుంది. అక్షానికి బాణం గుర్తు లేదు, దాని రెండు కొనలూ సమానమే, కాబట్టి సగం చుట్టు తిరిగినా అది అతుక్కుంటుంది. అందువల్ల ఇక్కడ సూచిక సంఖ్య ధన సగం లేదా రుణ సగం అవుతుంది. దీన్ని చూడడానికి పరికరం అక్కర్లేదు, మీ వేలి కొన చాలు. వేలిముద్రలోని గీతలకూ బాణం గుర్తు ఉండదు. ఒక గీత వెళ్లి మలుపు తిరిగి వెనక్కి వచ్చే చోటు, అంటే లూప్ మధ్యభాగం, ధన సగం. మూడు దిక్కుల గీతలు ఎదురెదురై త్రికోణంలా నిలిచే డెల్టా రుణ సగం. కాంతిలో మొదటి దాన్ని లెమన్ అనీ రెండో దాన్ని స్టార్ అనీ అంటారు. లెమన్ సూచికే ఉండి, స్టార్‌లా మూడు తిన్నని గీతలు కలిసే మధ్యరకానికి మాన్‌స్టార్ అని పేరు. సీ-బిందువులు, ఎల్-రేఖల భావనలను 1980లలో రూపుదిద్దినవాడూ పైన చెప్పిన జాన్ నైయే.

దశా సింగ్యులారిటీకీ దీనికీ సంబంధం ఏమిటని మరో ఉత్తరం అడిగింది. ఏ ధ్రువణ కాంతినైనా సవ్య వృత్త ధ్రువణం, అపసవ్య వృత్త ధ్రువణం అనే రెండు భాగాలుగా విడదీయవచ్చు. ఒక చోట ధ్రువణం పూర్తిగా సవ్య వృత్తం అంటే అక్కడ అపసవ్య భాగం సున్నా. ఆ భాగం సున్నా అయిన చోట దాని దశకు సుడి ఉంటుంది. అంటే సీ-బిందువు, ఒక వృత్త భాగంలోని సుడి, రెండో భాగపు వెలుగులో దాగి ఉన్న రూపం. దీర్ఘవృత్తపు వాలు ఆ రెండు భాగాల దశల తేడాలో సగం కనుక, సుడి ఒక పూర్తి చుట్టు తిరిగితే అక్షం అర చుట్టు తిరుగుతుంది. సగం సంఖ్య వచ్చింది ఇక్కడి నుంచే. ఒక వృత్త ధ్రువణంలో మామూలు గాసియన్ పుంజాన్నీ (నడుమ వెలుగు ఎక్కువగా, అంచులకు తగ్గుతూ ఉండేదాన్నీ), వ్యతిరేక వృత్త ధ్రువణంలో ఒక చుట్టు సుడి పుంజాన్నీ ఒకే అక్షం మీద కలిపితే, మధ్యలో ఒక సీ-బిందువు, దాని చుట్టూ వలయంగా ఒక ఎల్-రేఖ వస్తాయి. సాధ్యమయ్యే ధ్రువణ స్థితులన్నీ ఆ ఒక్క కోతలోనే కనిపిస్తాయి. 2010లో ఇలాంటి వాటికి పూర్ణ పోంకారే పుంజాలని పేరు పెట్టారు.

చీకటిగా ఉండే ధ్రువణ సింగ్యులారిటీ కూడా ఒకటుంది. చక్రం ఆకుల్లా క్షేత్రం మధ్య నుంచి బయటికి చూసే రేడియల్ పుంజంలో, లేదా వలయం వెంట చూసే అజిముతల్ పుంజంలో, సరిగ్గా నడుమ క్షేత్రానికి దిశే ఉండదు, అది వీ-బిందువు. అక్కడ రెండు భాగాలూ ఒకేసారి సున్నా కావాలి, అంటే నాలుగు షరతులు నెరవేరాలి. తెర మీద ఉన్న స్వేచ్ఛ రెండే కాబట్టి పుంజపు సౌష్ఠవం సాయం చేస్తేనే వీ-బిందువు నిలుస్తుంది. సౌష్ఠవం కాస్త చెడితే రేడియల్ పుంజపు వీ-బిందువు ధన సగం సూచిక గల రెండు సీ-బిందువులుగా విడిపోతుంది. ఒకటి సవ్యం, మరొకటి అపసవ్యం, వాటి మధ్య నుంచి ఎల్-రేఖ సాగుతుంది.

ప్రశ్న: సుడి పుంజం వస్తువులను తిప్పగలదని చదివాను. కాంతికి నిజంగా అంత బలం ఉందా?

జవాబు: బలం చాలా స్వల్పం, అయినా కొలవగలిగినంత ఉంది. వృత్త ధ్రువణ కాంతికి కోణీయ ద్రవ్యవేగం, అంటే వస్తువులను తిప్పగల గుణం, ఉంటుందని భౌతిక శాస్త్రవేత్త పాయింటింగ్ 1909లో ఊహించాడు. సన్నని క్వార్ట్జ్ పోగుకు వేలాడదీసిన బిళ్ల గుండా కాంతిని పంపి, అది మెలిపడడాన్ని బెత్ 1936లో కొలిచాడు. సుడి వల్ల వచ్చేది దానికి అదనం. 1992లో లైడెన్‌లో లెస్ అలెన్ బృందం, చుట్ల సంఖ్య ఎంతో అన్ని తగ్గించిన ప్లాంక్ స్థిరాంకాల (ప్లాంక్ స్థిరాంకాన్ని 2πతో భాగించిన విలువల) కక్ష్యా కోణీయ ద్రవ్యవేగాన్ని ఒక్కో ఫోటాన్ మోస్తుందని చూపించింది. మూడేళ్ల తర్వాత క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో, కాంతిని పీల్చుకునే సూక్ష్మ కణాలను సుడి మధ్యన బంధించి తిప్పారు. సుడి దిశ మార్చగానే అవి తిరిగే దిశ కూడా మారింది.

ప్రశ్న: సరిగ్గా సుడి మధ్యలో ఏముంది? అక్కడ దశ అనంత వేగంతో మారాలి కదా, అది సాపేక్షతకు విరుద్ధం కాదా?

జవాబు: విరుద్ధం కాదు. మధ్యకు దగ్గరయ్యే కొద్దీ వలయం చిన్నదవుతుంది, దశ మాత్రం అదే 360 డిగ్రీలు తిరగాలి, కనుక మార్పు వేగంగా కనిపిస్తుంది. ఎర్ర లేజర్‌కు మధ్య నుంచి సుమారు 100 నానోమీటర్ల లోపల, ఆ తరంగదైర్ఘ్యానికి సాధ్యమని మనం అనుకునే దానికంటే దశ త్వరగా మారుతుంది. అయితే అక్కడ తీవ్రత దూరపు వర్గంతో పాటు సున్నాకు పడిపోతుంది. మోసుకుపోయే శక్తి గాని సమాచారం గాని అక్కడ లేవు.

ప్రశ్న: దీని వల్ల ప్రయోజనం ఏమిటి? కాంతి సుడులతో సమాచారాన్ని అపరిమితంగా పంపవచ్చని కొందరు అంటున్నారు.

జవాబు: నాకు అన్నిటికంటే నచ్చిన ప్రయోజనం స్టెడ్ మైక్రోస్కోపు. స్టెఫాన్ హెల్ 1994లో ప్రతిపాదించిన ఈ పద్ధతికి 2014లో రసాయన శాస్త్ర నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. ఒక పుంజం అణువులను వెలిగేలా చేస్తే, ఉంగరం ఆకారపు రెండో పుంజం చుట్టూ ఉన్న వాటిని ఆర్పివేస్తుంది; నడిమి చీకటిలో ఉన్న కొద్ది అణువులే వెలుగుతాయి. ఇక్కడ పని చేసేది చీకటే, అది నిజంగా సున్నా కావాలి. కటకం కాంతిని బిగువుగా కేంద్రీకరించినప్పుడు ధ్రువణం తిరిగే దిశ, సుడి తిరిగే దిశ ఒకటి కాకపోతే, పుంజం పొడవు వెంట చూసే క్షేత్రం పుట్టుకొచ్చి ఆ చీకటిని పూడ్చేస్తుంది. దశ, ధ్రువణం రెండింటినీ కలిపి చదవాలని నేను పట్టుబట్టడానికి ఇదే కారణం. నక్షత్రపు వెలుగును సుడితో పక్కకు నెట్టి, దాని పక్కనున్న మసక గ్రహాన్ని చూసే కరోనాగ్రాఫ్‌లు కూడా ఉన్నాయి.

అపరిమిత సమాచారం అన్న మాటను మాత్రం నేను ఒప్పుకోను. వేర్వేరు చుట్ల సంఖ్యల పుంజాలు ఒకదానితో ఒకటి కలవకుండా వేర్వేరు సందేశాలు మోయగలవన్నది నిజం. అయితే చుట్లు పెరిగే కొద్దీ ఉంగరం పెద్దదవుతుంది, దాన్ని అందుకునే అద్దం పరిమాణం హద్దు పెడుతుంది. అంత అద్దంలో ఎన్ని విడి పుంజాలు పడతాయో, సుడులు వాడినా మరో రకం వాడినా ఆ సంఖ్య పెరగదు.

ప్రశ్న: వీటిలో ఏదైనా పరికరాలు లేకుండా చూడగలమా?

జవాబు: పోలరాయిడ్ ముక్క (ఒకే దిశలో ధ్రువణం చెందిన కాంతినే పోనిచ్చే పలుచని రేకు) ఒక్కటి ఉంటే ఆకాశంలో దీనికి దగ్గరి బంధువును చూడవచ్చు. నీలాకాశపు వెలుగు పాక్షికంగా ధ్రువణం చెంది ఉంటుంది. గాలిలో కాంతి ఒక్కసారే చెదిరితే, సూర్యుడి దగ్గర ఒకటి, దానికి ఎదురు బిందువు దగ్గర ఒకటి, సూచిక ఒకటి గల రెండు సింగ్యులారిటీలు ఉండేవి. కాంతి పలుమార్లు చెదరడం వల్ల ఒక్కొక్కటి ధన సగం గల రెండేసి బిందువులుగా విడిపోతుంది. వీ-బిందువు విడిపోయినప్పుడు చూసిన లెక్కే ఇది, కాకపోతే ఆకాశంలోని ఈ బిందువుల దగ్గర కాంతి వృత్త ధ్రువణం చెందదు, ధ్రువణమే కోల్పోతుంది. అరాగో 1809లో, బాబినే 1840లో, బ్రూస్టర్ 1842లో మూడింటిని కనుగొన్నారు. నేల మీద నుంచి కనిపించని నాలుగోదాన్ని వేడిగాలి బెలూన్ నుంచి చూసినట్లు 2002లో ప్రకటించారు.

సూర్యుడికి దగ్గరగా ఉన్న రెండింటి కోసం వెతకవద్దు, కళ్లకు ప్రమాదం. మబ్బులేని రోజున సూర్యాస్తమయం వేళ సూర్యుడికి వీపు పెట్టి నిలబడి, ఎదుటి దిగంతానికి సుమారు 20 డిగ్రీల ఎత్తున, అంటే చాచిన చేతి చివర రెండు పిడికిళ్లు ఒకదాని మీద ఒకటి పెట్టినంత ఎత్తున, పోలరాయిడ్‌ను తిప్పుతూ చూడండి. ఆ ఎత్తుకు బాగా పైన ధ్రువణం అడ్డంగా ఉంటుంది. దిగంతానికి దగ్గరగా నిలువుగా ఉంటుంది. ఈ రెండింటి నడుమ, పోలరాయిడ్‌ను ఎటు తిప్పినా వెలుగులో మార్పు రాని చోటు అరాగో బిందువు.